'అది కాదప్పా' అనే మాటను యంత్రానికి నేర్పడం: అనంతపురం ప్రాజెక్టు డైరీ

మే 19

ఈ డైరీని ఆలస్యంగా మొదలుపెడుతున్నాను. పని ప్రారంభించి ఆరు వారాలు దాటింది. చేసినదాంట్లో సగాన్ని ఈ ఉదయం తీసి పక్కన పెట్టవలసి వచ్చింది. ఏది ఎందుకు చేశామో రాసిపెట్టుకోకపోతే అదే తప్పు మళ్ళీ చేస్తామన్న భయం కలిగి ఈ నోటుపుస్తకం తెరిచాను.

చేస్తున్న పని ఇది. వేరుశనగ వేసే రైతు తన ఫోన్ నుంచి మామూలుగా మాట్లాడి సందేహం అడుగుతాడు. కాల్ చేయవచ్చు, వాయిస్ మెసేజ్ పెట్టవచ్చు, ఓపిక ఉంటే టైపు చేయవచ్చు. ఆ మాటను మా ప్రోగ్రాము అక్షరాల్లోకి మార్చుకుని, ఏ పంట, ఏ దశ, ఏ లక్షణం అన్నది పోల్చుకుని, మా బృందంలోని విశ్రాంత వ్యవసాయాధికారి ముందే చెప్పి రికార్డు చేసిన జవాబుల్లో సరిపోయేదాన్ని వినిపిస్తుంది. సరిపోయేది లేకపోతే ప్రశ్న ఆయన ఫోన్‌కు చేరుతుంది, ఆయన జవాబు చెప్పి పెడతారు. యంత్రం సొంతంగా ఒక్క వాక్యం కూడా అల్లదు. లీటరు నీటికి ఎన్ని గ్రాములన్న చోట అల్లిక పనికిరాదని మొదటి రోజే తేల్చుకున్నాము.

ఈ ఉదయం తీసేసింది 'విత్తనం గురించి అయితే ఒకటి నొక్కండి, తెగులు గురించి అయితే రెండు నొక్కండి' అనే వరుసను. నిన్న నార్పలలో ఒక పెద్దాయన దాన్ని వాడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఆయన ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. రెండు నొక్కాలని తెలిశాక చెవి దగ్గరి నుంచి తీసి, వెలుతురుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని, తెర మీద అంకెలు ఎక్కడున్నాయో వెతికాడు. అంకెలు దొరికేసరికి ఆ గొంతు ఐదో వరుసలోకి వెళ్ళిపోయింది. ఆయన ఫోన్ నాకిచ్చేసి, "మాట్లాడమంటివి, ఇది మాట్లాడేది యాడుండాది? ఆఫీసులో లైన్లో నిలబెట్టినట్లుండాది" అన్నాడు. ఆ లైను ఇవాళ్టితో ఎత్తేశాము. ఇకపై మొదటి మాట మనిషిదే. యంత్రం పలకరించి, చెప్పమని మాత్రమే అంటుంది.

మే 27

వారమంతా అక్షరాలతోనే సరిపోయింది. రైతులకు ఇందులో ఆసక్తి ఉండదు కానీ, నాలాంటి పని చేసేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

యూనికోడ్‌లో అంటే లోకంలోని లిపులన్నిటికీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాల పట్టికలో, తెలుగుకు కేటాయించిన గదులు 128. మనం 'శనక్కాయ' అన్న మాటను నాలుగు అక్షరాలుగా చూస్తాము, కంప్యూటరు మాత్రం శ, న, క, పొల్లు, క, దీర్ఘం, య అని ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది. 'స్త్రీ' మన కంటికి ఒక్కటే అక్షరం, యంత్రానికి ఆరు. ఇది ఎక్కడ తగులుతుందంటే ఎస్సెమ్మెస్ దగ్గర. ఒక సందేశంలో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే 160 అక్షరాలు పడతాయి, తెలుగులో రాస్తే 70 సంకేతాలే పడతాయి. పొడుగు సందేశాన్ని ముక్కలు చేస్తే, ముక్కలను మళ్ళీ అతికించే సమాచారానికి కొంత చోటు పోయి ఒక్కో ముక్కకు 67 మిగులుతాయి. జవాబు వినిపించాక దాని సారాంశాన్ని ఎస్సెమ్మెస్‌గా పంపాలన్నది మా ఆలోచన. మా వ్యవసాయాధికారి సారు రాసిచ్చిన మొదటి సారాంశం ఆరు ముక్కలైంది. ఆయన దాన్ని నాలుగుసార్లు తిరగరాసి రెండు ముక్కలకు తెచ్చారు. పరిమితి వల్ల వచ్చిన మేలు ఏమిటంటే 'సదరు రైతు సోదరులు గమనించవలసినది' వంటివన్నీ వాటంతట అవే రాలిపోయాయి.

రెండో చిక్కు కంటికి కనిపించని గుర్తుది. 'ఫోన్‌లో' అని రాసినప్పుడు న-పొల్లుకూ లో-కూ మధ్య, రెండూ కలిసి ఒత్తు కాకుండా ఆపే సున్నా వెడల్పు గుర్తు ఒకటి ఉంటుంది. కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు, అప్పుడు 'ఫోన్లో' వస్తుంది. చదివేవారికి రెండూ ఒకటే. వెతికే ప్రోగ్రాముకు అవి రెండు వేరు మాటలు. యూనికోడ్ నిర్దేశించిన సాధారణీకరణ (ఒకే అక్షరానికి ఉన్న వేరు రూపాలను ఒకటి చేసే పద్ధతి) కూడా ఈ గుర్తును ముట్టుకోదు, మనమే తీసేయాలి. ఆ గుర్తు ఎంత అల్లరి చేయగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' మధ్యలో అది చేరిన రూపం మెసేజ్‌గా వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు మూతపడిపోయేవి. ఐఓఎస్ 11.2.6తో ఆ లోపాన్ని సరిచేశారు. మన అక్షరం ఫోన్‌ను పడగొట్టిందని అప్పట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు అదే గుర్తు కోసం మూడు రోజులు పోగొట్టుకున్నాను.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేవారి సంగతి వేరే. కె-ఏ-ఎల్-ఎల్-యు అని కొడితే అది కళ్ళు కావచ్చు, కాళ్ళు కావచ్చు, కల్లు కూడా కావచ్చు. అక్షరం నుంచి అక్షరానికి మార్చే పద్ధతిని వదిలేసి, వచ్చిన మాట మా పంటల పదజాలంలో దేనికి దగ్గరగా ఉందో చూస్తున్నాము. కల్లు మా పదజాలంలో లేదు కనుక ఆ మేరకు ఇబ్బంది తగ్గింది.

జూన్ 6

ఇవాళ జరిగిన తప్పు పూర్తిగా నాది. వివరంగానే రాస్తాను.

తెలుగు మాటకు తోకలు ఎక్కువ. మిరపకాయకు, మిరపకాయల్లో, మిరపకాయలకేమో అన్నవన్నీ మిరప గురించే. ఆ తోకలను కత్తిరించి మూలానికి చేర్చే చిన్న ప్రోగ్రాము రాశాను. బహువచనం పోవాలి, విభక్తి పోవాలి, చివరన 'కాయ' ఉంటే అదీ పోవాలి. మిరపకాయ మిరప అయింది, కందికాయ కంది అయింది. సంతోషించి పడుకున్నాను. ఉదయం రాప్తాడు నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్‌లో 'శనక్కాయలు' ఉంది. ప్రోగ్రాము 'లు' తీసి, 'కాయ' తీసి, మిగిలిన అరకొర ముక్కకు దగ్గరి మాట వెతికి 'శనగ' అని తేల్చింది. మన జిల్లాలో శనగ కూడా పంటే. అది నల్లరేగడిలో వర్షాలు వెనకబట్టాక వేసే రబీ పంట. ఎర్రనేలలో ఏరువాకకు సిద్ధమవుతున్న ఆ రైతుకు "అక్టోబరులో విత్తుకోండి" అని మా సారు గొంతుతోనే జవాబు వెళ్ళింది. ఆయన తిరిగి పెట్టిన మెసేజ్‌లో ముందు నవ్వు, ఆ వెనక "సారు నిద్దర్లో ఉండాడేమో, లేసినాంక అడుగుతా" అన్న మాట ఉన్నాయి.

ఇందులో ఇంకా లోతుంది. ఈ ఒక్క పంటకే పుస్తకాల్లో వేరుశనగ అనీ, మా వైపు శనక్కాయ, శెనిక్కాయ, చెనిక్కాయ అనీ, కర్నూలు వైపు బుడ్డలు అనీ, తెలంగాణ నుంచి వచ్చినవారి నోట పల్లీలు అనీ పేర్లున్నాయి. వీటికి వ్యాకరణ సూత్రం రాయడం నా పొరపాటు. చేత్తో జాబితా రాసుకోవాలి. ఇవాళే అది మొదలుపెట్టాము. కత్తిరింపు సూత్రం ఏ మాటనైనా ముట్టుకునే ముందు ఆ జాబితాను చూడాలన్నది కొత్త నియమం.

విత్తన రకాల పేర్లదీ ఇదే కథ. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన కె-6 రకాన్ని మా దగ్గరి కంప్యూటర్ గొంతు 'కె మైనస్ ఆరు' అని చదివింది. కె-1812 రకానికి కదిరి లేపాక్షి అని పేరుంది. ఎవరో "లేపాక్షి బాగుంటుందా ఈ తూరి?" అని అడిగితే ప్రోగ్రాము దాన్ని ఊరి పేరనుకుని, ఏ మండలం గురించి అడుగుతున్నారని ఎదురు ప్రశ్న వేసింది. 1812ను కంప్యూటర్ గొంతు 'ఒక వెయ్యి ఎనిమిది వందల పన్నెండు' అంటుంది. విత్తనాల అంగట్లో వినిపించేది 'పద్దెనిమిది పన్నెండు'. పేర్లన్నీ మనిషి గొంతుతోనే రికార్డు చేయాలని నిర్ణయించాము.

జూన్ 14

కాల్ ఎత్తగానే వినిపించే గొంతు గురించి బృందంలో రెండు రోజులు వాదన నడిచింది.

మొదట పెట్టింది ఇది: "నమస్కారం. మా సేవకు స్వాగతం. దయచేసి మీ సమస్యను తెలియజేయండి." చాలామంది రెండో వాక్యం పూర్తి కాకముందే కాల్ కట్ చేస్తున్నారు. కారణం మా బృందంలోని శింగనమల అమ్మాయి కనిపెట్టింది. ఆమె వాళ్ళ ఊరివాళ్ళనే అడిగితే, అప్పు కట్టమని ఫోన్ చేసే గొంతు ఇట్లే ఉంటుందన్నారట. 'దయచేసి' అన్న మాటను మన ఊళ్ళలో మనిషి మనిషితో అనడం నేనెప్పుడూ వినలేదు. మన మర్యాద ఆ మాటలో ఉండదు, క్రియ చివరి 'అండి'లో ఉంటుంది, పిలిచే పిలుపులో ఉంటుంది. ఇంగ్లీషు తెరల నుంచి అనువాదమై వచ్చిన ఆ మాటను తీసేశాము. 'క్షమించండి, అర్థం కాలేదు' కూడా తీసేసి 'ఇంకోసారి చెప్పండి' అని పెట్టాము.

అయితే ఇంకో అడుగు ముందుకు వేసి బోల్తా పడ్డాము. రైతు యాసలోనే యంత్రం మాట్లాడితే ఇంకా దగ్గరవుతుందన్నది నా వాదన. "ఏమప్పా, సెప్పు, శెనిక్కాయకేమైంది?" అని ఒక నాటక కళాకారుడి చేత చెప్పించి పెట్టాము. కళ్యాణదుర్గం దగ్గరి ఒక రైతు మహిళ విని, నవ్వకుండా, "మా మాట మాకే ఎక్కిరిచ్చి చెప్పినట్లుండాది" అంది. ఆ తర్వాత విన్నవాళ్ళలో చాలామంది అదే మాటను వేరువేరు రకాలుగా చెప్పారు. తెర మీద సీమ యాస ఎప్పుడు వినిపించినా నవ్వించడానికో, కత్తి దూయడానికో వినిపిస్తుంది. ఆ అలవాటు చెవుల్లో ఉన్నవారికి, ఊరూ పేరూ తెలియని గొంతు తమ యాసలో మాట్లాడితే వెటకారంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. చివరికి సారు మాటే నెగ్గింది. యంత్రం ఏ యాసనైనా వినాలి, మాట్లాడేటప్పుడు మాత్రం కొత్తగా ఊరికి వచ్చిన మనిషి మాట్లాడినట్లు తేటగా, మర్యాదగా, 'మీరు' అని మాట్లాడాలి. రైతులు దాన్ని 'నువ్వు' అనే పిలుస్తారు. అది వాళ్ళ ఇష్టం.

జూన్ 23

ఆరుద్ర కార్తె మొదలైంది. నేలలో పదును (తేమ) చాలక కొందరు ఆగారు, ఒక మోస్తరు వానకే కొందరు వేసేశారు.

విత్తిన తేదీ తెలిస్తే తప్ప సగం ప్రశ్నలకు జవాబు ఎంచుకోలేము. "ఏ తేదీన విత్తారు?" అని అడిగితే ఎవరూ తేదీ చెప్పడం లేదు. "ఆరుద్రలో", "మిరగలో ఆఖరి వానకు", "మా తిరణాల అయిపోయినాంక నాలుగో దినం" అంటున్నారు. వీటిలో కార్తెలు లెక్కకు లొంగుతాయి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. 27 కార్తెలు ఏడాదిని పంచుకుంటాయి కనుక ఒక్కొక్కటి 13, 14 రోజులు ఉంటుంది. మృగశిర జూన్ రెండో వారంలో, ఆరుద్ర 22 ప్రాంతంలో, పునర్వసు జూలై మొదటి వారంలో వస్తాయి. ఈ పట్టికను ప్రోగ్రాములో పెట్టడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. తిరణాలను లెక్కలోకి తేవడం మా వల్ల కాలేదు. అది ఊరికొక్కటి.

కార్తె చెప్పినవారిని తేదీ కోసం మళ్ళీ విసిగించకూడదు. రెండు వారాల వెసులుబాటు మా జవాబుకు చాలు. రైతు ఇచ్చిన కొలత యంత్రానికి సరిపోనప్పుడు, మారవలసింది యంత్రం కొలతే.

జూలై 4

అవును, కాదు అనే రెండు మాటలు చాలనుకుని మొదలుపెట్టాము. అవే అన్నిటికన్నా ఎక్కువగా మమ్మల్ని తిప్పలు పెట్టాయి.

"విత్తనశుద్ధి చేశారా?" అని యంత్రం అడుగుతుంది. 'అవును' అన్నవాళ్ళు చాలా తక్కువ. "చేసినాం" అంటారు, "ఊ" అంటారు, "ఆఁ" అంటారు, "చేయకుండా ఎట్ల ఏస్తారప్పా" అంటారు. తెలుగులో అడిగిన క్రియనే తిప్పి చెప్పడం సహజమైన ఒప్పుకోలు. మన ప్రశ్నలో ఏ క్రియ ఉందో అది జవాబులో మళ్ళీ వచ్చిందా అని చూడాలి తప్ప 'అవును' కోసం కాచుకుని కూర్చోకూడదు. కాదనడానికి కూడా ఒక్క మాట లేదు. ఉనికిని కాదంటే 'లేదు', గుర్తింపును కాదంటే 'కాదు', ఇష్టాన్ని కాదంటే 'వద్దు'. ఇవి ఒకదాని బదులు ఒకటి రావు. వేరుగా రావడమే మాకు సాయం. "ఇది శనక్కాయేనా?" అన్నదానికి "లేదు" అని వచ్చిందంటే బహుశా ప్రశ్న వినపడలేదని అర్థం.

అసలు గండం 'లే' దగ్గర ఉంది. మా వైపు 'వాన రాలే', 'మందు కొట్టలే' అంటే జరగలేదని. అందుకని, క్రియ చివర 'లే' ఉంటే వ్యతిరేకార్థమని రాసిపెట్టాను. మొన్న తాడిపత్రి వైపు నుంచి ఒకాయన "ఏస్తాంలే, వాన పడనీ" అన్నాడు. ఆయన వేస్తానని భరోసా ఇస్తున్నాడు. ప్రోగ్రాము 'వేయడం లేదు' అని నమోదు చేసుకుని, పంట వేయని భూమిలో ఏం చేయాలో చెప్పే జవాబు వినిపించింది. 'రాలే'లో ఉన్న 'లే' వేరు, 'వస్తాలే'లో ఉన్న 'లే' వేరు. మొదటిది క్రియ మూలానికి అంటుకుంటుంది, రెండోది పూర్తయిన క్రియకు, నేను, నువ్వు, వాళ్ళు అని తెలిపే ప్రత్యయం కూడా చేరిపోయాక, అంటుకుంటుంది. పిల్లలు దీన్ని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. నాకు నలభై వరుసల కోడ్ పట్టింది.

గొంతును అక్షరాలుగా మార్చడంలో తప్పులను లెక్కించే పద్ధతి కూడా ఇక్కడే మార్చాము. అందరూ వాడే లెక్క పదాలది, ఎన్ని పదాలు తప్పొచ్చాయన్నదే దాని కొలత. తోకలు ఎక్కువున్న మన భాషలో ఇది అన్యాయం చేస్తుంది. 'ఏసుకుంటాండాం' అన్నదాన్ని 'వేసుకుంటున్నాం' అని రాస్తే విషయంలో నష్టమేమీ లేదు, లెక్కలో మాత్రం పదం మొత్తం తప్పు. 'శనక్కాయ' బదులు 'శనగ' వస్తే అదీ ఒక్క తప్పే. ఈ రెండూ సమానం ఎలా అవుతాయి? ఇప్పుడు మేము పంట, దశ, లక్షణం, సంఖ్య అనే నాలుగింటిలో ఏది తప్పిందో మాత్రమే లెక్కిస్తున్నాము. 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల సాంకేతికతకు భాషిణి అనే వేదికను ప్రారంభించాక తెలుగు మాటను అక్షరాలుగా మార్చే నమూనాలు వెతుక్కోవడం తేలికైంది. కానీ ఏ నమూనా తెచ్చుకున్నా, ఈ నాలుగింటి పరీక్ష మా పొలాల దగ్గరే పెట్టుకోవాలి. మడకశిర వైపు నుంచి కన్నడం కలిసిన తెలుగులో కాల్స్ వస్తున్నాయి. వాటిని ఈ ఏడాదికి నేరుగా సారుకే పంపిస్తున్నాము.

జూలై 12

వాన లేదు. కాల్స్ కూడా లేవు.

జూలై 21

సొంత పని మీద కడప వెళ్ళి, సాయంత్రం బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్ళాను. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, అక్కడ ఉన్న బంగళాలోనే పండితులను కూర్చోబెట్టుకుని తెలుగు పనులు సాగించాడు. ఆయన నిఘంటువు సంగతి అందరికీ తెలిసిందే. నాకు పని ఉన్నది 1854లో ఆయన అచ్చువేసిన మిశ్రభాషా నిఘంటువుతో. కచేరీల్లో, కాగితాల్లో, వ్యవహారంలో కలిసిపోయిన అన్యదేశ్యాలను ఆయన విడిగా ఒక పుస్తకంగా కూర్చాడు. వాటిని తప్పులుగా చూడలేదు, అర్థం తెలియకపోతే పని జరగదని చూశాడు.

మా జాబితాలోనూ అట్లాంటి గది ఒకటి అవసరమని బస్సులో తిరిగివస్తూ అనుకున్నాను. రైతు నోట 'ఈ-క్రాప్', 'ఇన్సూరెన్సు', 'అడంగల్', 'వన్ బీ' ఒకే ఊపిరిలో వస్తాయి. 2020లో మొదలైన రైతు భరోసా కేంద్రాలకు తర్వాత రైతు సేవా కేంద్రాలని పేరు మారింది. జనం నోట ఆర్బీకే అలాగే ఉంది. ప్రభుత్వం పేరు మార్చిన రోజున మన పదజాలం నుంచి పాత పేరు తీసేయకూడదు. ఆ ఫైలుకు 'మిశ్రమం' అని పేరు పెట్టాను.

ఆగస్టు 3

రెండు రోజులుగా తెగుళ్ళ ప్రశ్నలు ఒక్కటీ రావడం లేదు. వాతావరణం చూస్తే రావలసిన సమయం. చూడగా, తిట్లను ఆపడానికి పెట్టిన జల్లెడ వాటిని మింగేస్తోంది. వేరుశనగ ఆకుల మీద నల్లమచ్చలు తెచ్చే శిలీంధ్ర తెగులును అందరూ 'తిక్క' తెగులు అంటారు. శాస్త్రవేత్తల రాతల్లోనూ అదే పేరు. మా జల్లెడలో 'తిక్క' తిట్ల కింద ఉంది. "తిక్క తగిలింది సారూ" అన్న ప్రతి రైతుకూ మర్యాదగా మాట్లాడమని హితవు వెళ్ళింది. పదకొండు మందికి స్వయంగా ఫోన్ చేసి సంజాయిషీ చెప్పుకున్నాను. వారిలో ఒకరు, "తిక్క శెనిక్కాయకు కాదు, నీ మిషనుకే తగిలినట్లుండాది" అన్నారు. జల్లెడను పూర్తిగా తీసేశాము. ఇన్ని నెలల్లో నిజమైన తిట్టు ఒక్కటే వచ్చింది, అదీ న్యాయంగానే వచ్చింది.

ఆగస్టు 11

ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నేర్చుకున్న వాటిలో అతి ముఖ్యమైనది ఇవాళ తెలిసింది.

నిన్న సాయంత్రం గార్లదిన్నె వైపు నుంచి ఒక కాల్ వచ్చింది. వెనక ట్రాక్టరు మోత. "శనక్కాయ ఇరవై దినాలైంది, ఆకుల మీద మచ్చలు పడతాండాయి" అన్నది వాక్యం. లేక అది 'అరవై'యా? రికార్డింగును నేను ఆరుసార్లు విన్నాను, శింగనమల అమ్మాయి విన్నది, ఇద్దరం చెరొకటి రాసుకున్నాము. ఇరవైకీ అరవైకీ మధ్య తేడా అంతా మొదటి అచ్చులోనే ఉంది. ఫోన్ లైనులో, గాలిలో ముందుగా పోయేది అదే. ప్రోగ్రాము ఎప్పటిలాగే తిరిగి అడిగింది: "ఇరవై రోజుల పంట. అవునా?" ఆయన "ఆఁ, అరవై" అన్నాడు. ప్రోగ్రాముకు 'ఆఁ, ఇరవై' అని వినిపించింది. రూఢి అయిందనుకుని ముందుకు పోయింది. తిరిగి అడిగాము కనుక జాగ్రత్తపడ్డామని మేమనుకున్నాము. కానీ చెవి ఒకసారి మోసపోయిన మాటనే మళ్ళీ అడిగితే చెవి మళ్ళీ అక్కడే మోసపోతుంది.

ఇవాళ ఉదయం సారుకు ఈ సంగతి చెప్పాను. ఆయన రికార్డింగు వినకుండానే ఆ రైతుకు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "ఊడలు దిగినాయా?" అవతలి నుంచి జవాబు, "దిగి నెల కావొస్తాది సారూ." అంతే. ఊడ అంటే పూత నుంచి నేలలోకి దిగి, చివర కాయ కట్టే కాడ. పూత వచ్చాక, నలభై రోజుల ప్రాంతంలో ఊడలు నేలలోకి దిగుతాయి. ఇరవై రోజుల పంటకు ఊడ ఉండదు. ఆయన అంకెను మళ్ళీ అడగలేదు, ఆ అంకె పొలంలో ఎలా కనిపిస్తుందో అడిగారు. విత్తనాల అంగట్లో, మార్కెట్ యార్డులో, వైద్యుడి గదిలో అనుభవమున్న మనిషి ఎప్పుడూ చేసే పని ఇదే. నేనూ అక్కడే పుట్టి పెరిగి, ఏనాడూ గమనించలేదు.

దీంతో ఎదురు ప్రశ్నలన్నీ తిరగరాయడం మొదలుపెట్టాము. రోజుల గురించి అనుమానం వస్తే 'పూత వచ్చిందా, ఊడలు దిగాయా, కాయ ఊరుతోందా' అని అడగాలి. శనక్కాయకూ శనగకూ మధ్య అనుమానం వస్తే 'ఎర్రనేలా, నల్లనేలా' అని అడగాలి. రెండున్నర, మూడున్నర వంటి మోతాదు మాటలను యంత్రం చెప్పేటప్పుడు, కొలిచే మూతతో ఎన్ని మూతలో కూడా కలిపి చెప్పాలి, ఎస్సెమ్మెస్‌లో అంకె వేసి పంపాలి. ఒక సంగతిని రెండు వేరు దారుల్లో పట్టుకుంటే, ఒక దారిలో జారినది రెండో దారిలో దొరుకుతుంది. సారు చేత ఇలాంటి జంటలు రాయిస్తున్నాము. సాయంత్రానికి ముప్పై అయ్యాయి. ఆయన ఉత్సాహం చూస్తే నూరు దాటేలా ఉంది.

ఒక జాగ్రత్త కూడా రాసుకుంటున్నాను. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో వైజెన్‌బామ్ ప్రకటించిన ఎలైజా అనే ప్రోగ్రాము, మనిషి అన్న మాటలనే తిప్పి ప్రశ్నగా అడిగేది. అర్థం చేసుకోకుండానే అర్థం చేసుకున్నట్లు భ్రమ కలిగించేది. 'ఇరవై రోజుల పంట, అవునా?' అన్న మా పాత ప్రశ్న సరిగ్గా ఆ కోవదే. 'ఊడలు దిగాయా' అని అడగాలంటే పంట గురించి ఎంతోకొంత తెలిసి ఉండాలి. ఆ తెలివి మా ప్రోగ్రాముది కాదు, సారుది. దాన్ని ఎక్కడ తొడగాలన్నదే మేము చేసే పని.

ఆగస్టు 24

సంభాషణలో తప్పుదిద్దుబాటు గురించి షెగ్లాఫ్, జెఫర్సన్, శాక్స్ అనే ముగ్గురు 1977లో రాసిన పరిశోధన వ్యాసం ఒకటుంది. అందులో చెప్పినదాని సారం ఇది: మాట్లాడుకునేటప్పుడు పొరపాట్లు సహజం, వాటిని సరిదిద్దుకునే ఏర్పాటు కూడా సంభాషణలోనే ఉంటుంది, అవకాశం దొరికితే మాట్లాడినవారే తమ మాటను దిద్దుకుంటారు. వారం రోజుల రికార్డింగులను ఆ దృష్టితో మళ్ళీ విన్నాను.

యంత్రం తప్పు జవాబు మొదలుపెట్టగానే రైతులు ఏం చేస్తున్నారో చూస్తే ఒకే మాట మళ్ళీమళ్ళీ వినపడుతోంది: "అది కాదప్పా." "అది కాద్సామీ, నేనడిగేది కింది ఆకులు." "అట్ల గాదు, మొదుల్లో కుళ్ళుతాండాది." మనిషి ఎంత చక్కగా దారి చూపిస్తున్నాడో! ఏది తప్పో, ఏది సరో ఒకే వాక్యంలో ఉంది. మా ప్రోగ్రాము మాత్రం ఇంతకాలం ఆ వాక్యాన్ని కొత్త ప్రశ్నగా తీసుకుని, ముందు చెప్పినదంతా మరచిపోయి, "ఏ పంట?" అని మొదటికి వస్తోంది. పంట పేరు రెండుసార్లు చెప్పించుకున్న యంత్రంతో మూడోసారి ఎవరు మాట్లాడతారు?

ఇప్పుడు చేసిన మార్పు: యంత్రం మాట్లాడుతుండగా మనిషి గొంతు వినపడితే వెంటనే ఆగుతుంది. 'అది కాదు', 'అట్ల గాదు', 'కాద్సామీ', 'నేనడిగేది' వంటివి వస్తే, ముందు తెలిసిన నాలుగు సంగతులను అలాగే ఉంచి, ఆ మాట తర్వాత వచ్చినదానితో ఒక్కదాన్ని మాత్రమే మారుస్తుంది. "కింది ఆకులా? సరే" అని మొదలుపెట్టి కొత్త జవాబు వినిపిస్తుంది. ఇదంతా రాయడం కన్నా, ట్రాక్టరు మోతను మనిషి గొంతు అనుకుని ఆగిపోకుండా చేయడానికే ఎక్కువ రోజులు పట్టింది. ఇంకా ఎనుము అరిస్తే ఆగుతోంది.

రికార్డింగులు వింటున్నప్పుడు ఇంకో సంగతి గమనించాను. మాట్లాడమంటే మనుషులు అడిగినదానితో ఆగరు. అప్పు సంగతి, అల్లుడి సంగతి, ఇంట్లో జబ్బు సంగతి కూడా వస్తాయి. మెనూలో ఒకటి నొక్కేటప్పుడు ఈ ప్రమాదం లేదు. అందుకని జవాబు చేరిన వారానికి గొంతు రికార్డింగును చెరిపేసి, పంటకు సంబంధించిన నాలుగు సంగతులను మాత్రమే ఉంచుతున్నాము. పరీక్షలకు పనికొచ్చే గొంతులు పోతున్నాయని బాధగా ఉన్నా, ఆ మాటలు మాతో చెప్పుకున్నవి కావు.

సెప్టెంబరు 8

ముందుగా వేసినవాళ్ళ చేలల్లో కాయ ఊరుతోంది. ప్రశ్నల రంగు మారింది. తెగుళ్ళు తగ్గి, పీకేదెప్పుడు, ధరెంత అన్నవి పెరుగుతున్నాయి. ధర చెప్పే పని మాది కాదని చెప్పడానికి ఒక వాక్యం రికార్డు చేశాము.

ఇవాళ వచ్చిన కాల్స్‌లో ఒకటి ఏ గదిలోనూ ఇమడక సారు ఫోన్‌కు వెళ్ళింది. ఒక ముసలామె చెట్టు పీకే పదును గురించి అడిగి, జవాబు పూర్తిగా విని, "సరే నాయనా" అంది. సాధారణంగా అక్కడ కాల్ ముగుస్తుంది. ఆమె ఫోన్ పెట్టలేదు. కాసేపాగి, "నీది యా ఊరు?" అని అడిగింది. ప్రోగ్రాము ఊరు అన్న మాట పట్టుకుని, "మీ మండలం చెప్పండి" అంది. ఆమె, "అది కాదు నాయనా, నీది" అంది.

ప్రోగ్రాము నియమం ప్రకారమే నడిచింది. 'అది కాదు' విన్నది, ఆగింది, ముందు సంగతులను అలాగే ఉంచుకుంది, మార్చడానికి ఏమీ దొరక్క ప్రశ్నను సారుకు పంపింది. ఆయన దానికి జవాబు రికార్డు చేస్తూ మొదట తన ఊరి పేరు చెప్పి, మళ్ళీ ఆపి నాకు ఫోన్ చేశారు. ఆమె అడిగింది తననా, యంత్రాన్నా అని ఆయన సందేహం. ఇద్దరం మాట్లాడుకుని ఇలా పెట్టాము: "అమ్మా, మీతో మాట్లాడింది మిషను. జవాబు చెప్పిన మనిషిది అనంతపురం. మీకు మనిషితోనే మాట్లాడాలనుంటే సాయంత్రం ఆరుకు ఆయనే ఫోన్ చేస్తారు." ఈ వాక్యాన్ని ఇకపై ప్రతి కాల్ మొదట్లోనే వినిపించాలా, అడిగినప్పుడే చెప్పాలా అన్నది రేపు తేల్చాలి. మొదట్లోనే చెప్పాలన్నది నా అభిప్రాయం, కానీ మళ్ళీ అప్పులవాళ్ళ ఫోన్ అనుకోని మాటల్లో. ఆరు గంటలకు సారు ఆమెకు ఫోన్ చేశారు. ఇరవై నిమిషాలు మాట్లాడారు. పంట ప్రస్తావన అందులో రాలేదట.